నడుము దగ్గర నాలుగు వేళ్ళు

మదనపల్లె,
8 జూలై 2024

ఏమే మమతా,

నువ్వు అడిగినట్టే నిన్న ఆదివారం పోయి చూసొచ్చాను. ఫోన్‌లో చెప్పమంటావు. చేతిలో ఫోన్ వణికితే తెలుస్తుంది గానీ అందులో మాట నాకు వినబడదని ఎన్నిసార్లు చెప్పేది? కుడి చెవి పోయి నాలుగేళ్ళయింది, ఎడమ చెవి కూడా దాని దారే పట్టింది. మెషిన్ పెట్టుకుంటే నా చీర గరగర తప్ప మనుషుల మాట వినబడదు. ఎదురుగా ఉంటే పెదవులు చూసి తెలుసుకుంటాను. కాబట్టి ఉత్తరమే. ముప్పై నాలుగేళ్ళు పిల్లకాయలకు తెలుగు చెప్పినదాన్ని, నాకు ఇదేమీ కష్టం కాదు. నువ్వు కుప్పం బళ్ళో డ్రాయింగ్ టీచరుగా సెలవు దొరక్క కూర్చుంటే, నీ బొమ్మలు చూసి నీకు చెప్పే ఉద్యోగం నాకు పడింది. జీతం లేదు కాబట్టి నిజమే రాస్తాను.

కొత్త చిత్రకారుల ప్రదర్శన అని పేరు. ఇక్కడైనాక పుంగనూరు, ఆనక కుప్పం తిప్పుతారట. టమోటా మార్కెట్ వెనక ఖాళీగా పడివున్న మండీ షెడ్డులో పెట్టారు. గోడలకు సున్నం కొట్టారు గానీ వాసన పోలేదు. కుళ్ళిన టమోటాకు అగరొత్తులు తోడైతే ఎట్లుంటుందో నువ్వే అనుకో. వాకిట్లో లక్ష్మీప్రియ అని, దీన్ని నడిపే సంఘంలో మనిషట, నా చేతికి ఒక కాగితం ఇచ్చి "మీకేమనిపిస్తే అది రాయండి అమ్మా" అనింది. ఒక్క కాగితమే ఇచ్చింది పాపం.

కలికిరి నుంచి వచ్చిన ఒకాయన మూడు వందల టమోటా క్రేట్లను గోడలాగా పేర్చి, దానికి రైతు మౌనం అని పేరు పెట్టాడు. ఒక హమాలీ తలగుడ్డ విప్పి కాసేపు చూసి, "ఇట్ల పేరిస్తే కింది కాయ సచ్చిపోతాది సామీ, అడ్డం ఒకటి నిలువు ఒకటి పెట్టల్ల" అని తనే నాలుగు వరసలు సర్దేసి పోయాడు. ఆ తర్వాతే అది చూడబుద్ధయింది.

ఇంకోచోట తెర మీద బోరు వేయడం చూపిస్తున్నారు. నలభై నిమిషాలు అదే. దుమ్ము తప్ప ఏమీ లేదు. అయినా ఎవరూ లేవలేదు. నీళ్ళు పడతాయేమోనని అందరమూ చివరిదాకా కూర్చున్నాం. పడలేదు. దానికి మాత్రం పదికి పది వేస్తాను. పోయినేడు నువ్వు నన్ను పిలుచుకుపోయిన బెంగుళూరు బొమ్మల సంతలో జనం బొమ్మ ముందు నిలబడి తమను తాము ఫొటో తీసుకుంటా ఉండిరి. మనవాళ్ళే నయం. తిట్టడానికైనా బొమ్మను చూస్తారు.

చివరి గోడ నీది.

బతికుండగా ఫొటో లేనివాళ్ళను పోయాక కూర్చోబెట్టి తీయడం, మూసుకున్న రెప్పల మీద స్టూడియోవాళ్ళు తెరిచిన కళ్ళు రంగుతో వేయడం, ఇవి మా కాలంలో అందరూ ఎరిగినవే. మూతపడిన భీమరావు స్టూడియోలో అట్లాంటివి పదకొండు దొరికాయనీ, ఆయన కొడుకు గిరిబాబు వాటిని నీకిచ్చాడనీ చెప్పావు. తలుపంత చేసి వేలాడదీస్తావని చెప్పలేదు.

అందులో ఏడోది. ఆరేళ్ళ ఆడపిల్ల, వెనక దుప్పటి తెర. కింద చీటీలో ఇట్లా ఉంది: "సోమల దగ్గరి పల్లె, 1957. చనిపోయిన బిడ్డ, ఫొటో తీస్తుండగా కదిలింది." ఆ పిల్ల నన్ను ఎరిగినట్టే చూసింది. నేను కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకోకుండానే ఇంటికొచ్చాను.

ఒక్కటే అడుగుతాను. ఆ పిల్ల నడుము దగ్గర, దుప్పటి అంచున, నాలుగు వేళ్ళు కనిపిస్తాండాయి. అంత పెద్దది చేసినాక అవి ఎవరికీ కనబడవనుకున్నావా? వాటి సంగతి చీటీలో ఒక్క ముక్క లేదు. అట్లా వదిలేస్తే ఎట్లా?

ఇడ్లీపొడి బస్సు కండక్టరు సిద్దప్ప చేత పంపాను. డబ్బా తిరిగి పంపు.

నీ అవ్వ,
రామలక్ష్మమ్మ

---

కుప్పం,
13 జూలై 2024

అవ్వా,

నీ ఉత్తరం స్టాఫ్‌రూమ్‌లో చదివి గట్టిగా నవ్వేశాను. హెడ్మాస్టరు భీమరావు సార్ (నీ స్టూడియో భీమరావు కాదు, ఈయన వేరే) ఏమైంది అని వచ్చి, హమాలీ సంగతి చదివి ఆయన కూడా నవ్వాడు. పొడి చేరింది. డబ్బాలో ఇప్పుడు నా బ్రష్షులున్నాయి.

నాకు మార్కులు వేయలేదేం? బోరుకు పది వేసి, మనవరాలిని కళ్ళజోడు తీసేసి చూస్తావా?

ఆ వేళ్ళ విషయంలో నీ కన్నే కన్ను. నేను మరక అనుకుని వదిలేశాను. నువ్వు రాశాక పెద్దది చేసి చూస్తే నిజంగానే వేళ్ళలాగున్నాయి. ఫిల్ములో ఇంకేదో ఫొటో కలిసిపోయి ఉంటుంది. కంప్యూటరులో శుభ్రంగా తీయించి కొత్త ప్రింటు వేయించాను. పుంగనూరులో అదే పెడుతున్నారు. వెళ్ళి చూడు, ఇప్పుడు ఆ పిల్ల ఒక్కతే ఉంటుంది, చాలా బాగుంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. మదనపల్లెకు బెంగుళూరు నుంచి మాధవి గారని ఒకావిడ వచ్చింది. గ్యాలరీ నడుపుతుంది. నా గోడంతా చూసి ఏడో ఫొటో దగ్గర ఆగిపోయిందట. కదిలిన బిడ్డ కథతో సహా అది జనవరిలో బెంగుళూరు ఆర్ట్ ఫెయిర్‌లో పెడతానంటోంది. అదొక్కటే. అవ్వా, అది జరిగితే నేను ఈ ఉద్యోగం మానేసి బొమ్మలే వేసుకోవచ్చు. నెలంతా ఒకటో తరగతికి మామిడిపండు వేసి చూపించే పని నీకు తెలియదు.

సోమల నీ పుట్టిల్లు కదా. ఈ కథ చిన్నప్పుడు ఎప్పుడైనా విన్నావా? విని ఉంటే వివరంగా రాయి. మాధవి గారు ఎంతుంటే అంత కావాలంటున్నారు.

నీ మమత

---

మదనపల్లె,
22 జూలై 2024

మమతా,

పుంగనూరుకు పోయొచ్చాను. పాత రైసుమిల్లులో పెట్టారు. ఒకమ్మాయి కాగితం గుజ్జుతో పుంగనూరు ఆవును చేసింది. అంతే పొట్టి, అంతే మూపురం. పొద్దున పదికి తలుపు తీస్తే పదకొండుకల్లా దాని నొసట కుంకుమ, ముందర రెండు అరటిపండ్లు. ఆ మెచ్చుకోలు బొమ్మకో ఆవుకో తెలియక ఆ అమ్మాయి ఒక మూల నిలబడుకోనుండాది. తోకను మాత్రం మూడుసార్లు అతికించిందట, ముట్టి కళ్ళకద్దుకునేవాళ్ళు ఎక్కువై.

నీ గోడ దగ్గరికి పోయాను. ఏడోది చూశాను.

ఆ వేళ్ళు తీసేయమని నీకెవరు చెప్పారు? ఎవరివో చీటీలో రాయలేదే అన్నాను. చెరిపేయమన్నానా? ముప్పై నాలుగేళ్ళు పిల్లకాయల వ్యాసాలు దిద్దాను. అర్థం కాని వాక్యం కింద గీత గీశానే గానీ ఎన్నడూ కొట్టేయలేదు.

ఆ పిల్లను సరిగ్గా చూశావా నువ్వు? తల ఒక పక్కకు వాలుతాంది, భుజం జారుతాంది. వెనక ఎవరూ లేకపోతే ఆ పిల్ల ఎట్లా కూర్చోనుంటుంది? ఆ ప్రశ్న నీకు రాలేదంటే నీకు బొమ్మలు ఎవరు నేర్పారో వాళ్ళను అనాల.

కుప్పంలో ఆ ఫొటో పెట్టొద్దు. బెంగుళూరుకు అసలే పంపొద్దు. కారణం అడగొద్దు.

ఇంటికొచ్చాక అన్నం తినలేదు. మీ అమ్మకు మోకాలినొప్పని అబద్ధం చెప్పి పడుకున్నాను.

అవ్వ

---

కుప్పం,
26 జూలై 2024

అవ్వా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎక్కడ తప్పు చేశానో అర్థం కాలేదు. వేళ్ళు కనబడుతున్నాయంటే తీయించాను. తీయిస్తే ఎవరు తీయమన్నారంటావు. ఇప్పుడు ఫొటోనే పెట్టొద్దంటావు.

అమ్మ చెప్పించిందా? చచ్చినవాళ్ళ బొమ్మలు పట్టుకుని తిరిగేదానికి సంబంధాలు రావని పోయిన నెల నాతో అనింది. నువ్వు కూడా ఆ మాట అంటావనుకోలేదు. నాకు పెన్సిలు ఇచ్చిందే నువ్వు.

పెట్టొద్దంటే మానేస్తాను అని రాయాలని కూర్చున్నాను. రాయలేకపోయాను. నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. నా పని చూసి ఒకరు ఆగిపోవడం ఇదే మొదటిసారి.

గిరిబాబు గారు మిగతా కథ కూడా చెప్పారు. వాళ్ళ నాన్న ఎప్పుడూ చెప్పేవాడట. ఫొటో తీస్తుండగా తల్లి లోపలికి పరుగెత్తుకొచ్చిందట. పిల్ల తల ఆమె వైపు తిరిగిందట. ఎవరూ నమ్మలేదు, పూడ్చేశారు. ఆ తల్లి మాత్రం బిడ్డను బతికుండగానే పూడ్చారని నమ్మి, ముప్పై ఏళ్ళు ఆ మట్టి మీద చెవి పెట్టి వింటూ ఉండిందట. ఇదంతా కొత్త చీటీలో రాసి మాధవి గారికి పంపాను. ఆవిడ చదివి ఒళ్ళు జలదరించిందన్నారు. ఆగస్టు పదకొండున కుప్పం ప్రదర్శనకు ఆ చీటీతోనే పెడుతున్నాను.

ఇది అబద్ధం అనుకుంటే చెప్పు. అబద్ధమని నీకెట్లా తెలుసో కూడా చెప్పు.

మమత

---

మదనపల్లె,
30 జూలై 2024

మమతా,

చెప్తాను. చదువుతూ మధ్యలో లేవొద్దు.

ఆ పిల్ల పేరు చెంగమ్మ. నా చెల్లెలు. విషజ్వరం వచ్చి మూడోరోజు పోయింది. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. మీ అమ్మ కోడలై వచ్చేనాటికే మా అమ్మ పోయింది, నాకు ఒక చెల్లెలుండేదని ఆమెకు కూడా తెలియదు.

దాని ఫొటో ఒక్కటి కూడా లేదని నాన్న మదనపల్లెకు మనిషిని పంపి భీమరావును పిలిపించాడు. ఆయన సామానుతో వచ్చేటప్పటికి మధ్యాహ్నం దాటింది. నడవలో పీట వేసి, గోడకు ఎడంగా దుప్పటి కట్టి, చెంగమ్మను కూర్చోబెట్టారు. దిండు పెడితే జారిపోతుంది. కట్టె ఆనిస్తే తల వాలిపోతుంది. ఆడోళ్ళంతా లోపల అమ్మను పట్టుకోనుండారు. నాన్న నా వైపు చూశాడు. ఇంట్లో దుప్పటి వెనక పట్టే మనిషిని నేనొక్కదాన్నే.

పోయిన బిడ్డనూ బతికిన బిడ్డనూ ఒక దుప్పటి కింద ఉంచడం మావాళ్ళలో చేయకూడని పని. పోయినది ఉన్నదాన్ని కూడా పిలుచుకుపోతుందంటారు. అది తెలిసే నాన్న నన్ను వెనక కూర్చోబెట్టి, "మీ అమ్మకు సెప్పొద్దు పాపా, నువ్వు కూడా పోతావని ఏడుస్తాది" అన్నాడు. నేను చెంగమ్మ నడుము చుట్టూ చేయి వేసి పట్టుకున్నాను. ఒళ్ళు చల్లగా లేదు. ఎండాకాలం. అది నాకు ఇప్పటికీ చేతిలో ఉండాది.

భీమరావు కదలొద్దన్నాడు. కదల్లేదు. ఫొటో తీశాడు. ఇంకొకటి తీస్తాను, అట్లే ఉండమన్నాడు. అప్పుడు నాకు అమ్మ అడుగుల చప్పుడు వినబడింది. ఆడోళ్ళను విడిపించుకుని పరుగెత్తుకొస్తాంది. దుప్పటి వెనక దొరికిపోతానని భయపడి చేయి లాగేసుకున్నాను.

చెంగమ్మ తల వాకిలి వైపు తిరిగింది. అమ్మ వాకిట్లో ఉండాది.

అంతే మమతా. బిడ్డ కదలలేదు. నేను వదిలేశాను.

అమ్మ "నా బిడ్డ నన్ను సూసింది" అనింది. ఆ మాట ఆ ఒక్కసారే అరిచింది. తర్వాత ముప్పై నాలుగేళ్ళు మెల్లగానే చెప్తా వచ్చింది. పొలం గట్టున పూడ్చాం. రోజూ కలుపు తీసి తీసి మధ్యలో లేచి, ఆడికి పోయి, పక్కకు పండుకుని చెవి ఆనించేది. నన్ను పిలిచి, "నీ చెవులు మంచివి, నువ్వు విను" అనేది. నేను విని, ఏమీ లేదమ్మా అనేదాన్ని. ఏమీ లేదని చెప్పగలిగినదాన్ని, ఎందుకు లేదో చెప్పలేకపోయాను. నాన్న మూడోయేడు పోయాడు. తెలిసినవాళ్ళలో ఇంట్లో మిగిలింది నేనే. పదేళ్ళప్పుడు భయపడి చెప్పలేదు. ఇరవై ఏళ్ళప్పుడు, ఇన్నేళ్ళు యాల చెప్పలేదంటే ఏమనాలో తెలియక చెప్పలేదు. టీచరైనాక నిజం చెప్పమని పిల్లకాయల వేళ్ళ మీద కొట్టేదాన్ని.

భీమరావు నడుపుకున్న కథ వేరే. చచ్చిన బిడ్డ కదిలిన ఫొటో తీసినవాడంటే గిరాకీ. దుప్పటి వెనక ఎవరుండేదో కొడుక్కు కూడా చెప్పినట్టు లేదు.

ఇక కళ్ళు. వారం తర్వాత నాన్న నన్ను స్టూడియోకు పిలుచుకొచ్చాడు. ఆయన నన్ను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, రెప్ప వేయొద్దు పాపా అని, నన్ను చూసి చెంగమ్మకు కళ్ళు వేశాడు. తోడబుట్టినవాళ్ళ కళ్ళు చూసి వేయడం ఆయన పద్ధతి. మా ఇంటికిచ్చిన కాపీలో వేళ్ళ మీద రంగు పూసి గులాబీ గుత్తి వేసిచ్చాడు. అమ్మను మట్టి చేసిన రోజు ఆ కాపీని ఆమెతోనే పెట్టేశాను. ఇంకొకటి ఉందని నాకు తెలియదు. తెలియక ఆ మండీ షెడ్డులోకి పోయాను. గోడ మీద నుంచి నా కళ్ళతో అది నన్ను చూసింది.

ఆ వేళ్ళు చూసి నాకు దుఃఖం రాలేదు. ఎందుకో చెప్తాను. అవి ఉన్నాయంటే, ఆ ఫొటో తీసేటప్పటికి నేనింకా వదలలేదని అర్థం. ఈ లోకంలో దానికి ఒక్క సాక్ష్యం మిగిలింది. దాన్ని భీమరావు గులాబీలతో కప్పాడు. నువ్వు కంప్యూటరుతో తుడిచావు. పుంగనూరులో చూసినప్పుడు, నేను దాన్ని ఎన్నడూ పట్టుకోనేలేదన్నట్టు ఉండాది.

పెట్టొద్దని ఇప్పుడు అనను. పెడితే వేళ్ళతో పెట్టు. నీకు బెంగుళూరు ఎంత అవసరమో నాకు తెలుసు. అందుకే నిర్ణయం నీది.

అవ్వ

---

కుప్పం,
3 ఆగస్టు 2024

అవ్వా,

మధ్యలో లేవలేదు. అయిపోయినాక కూడా చాలాసేపు లేవలేదు.

మొదటి ప్రింటు మళ్ళీ వేయించాను. నేను తీయించేసిన ఆ వేళ్ళనే ఇప్పుడు రోజుకు పదిసార్లు చూస్తున్నాను. చూపుడు వేలు గోరు పక్కన చిన్న గాటు ఉంది. నీ చేతికి అది ఇప్పటికీ ఉంది. ఇరవై ఎనిమిదేళ్ళు ఆ చేత్తో అన్నం తిన్నాను, నాకు తెలియలేదు.

మాధవి గారికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. కదిలిన బిడ్డ కథే బలంగా ఉంది, అదే ఉంచుదాం, వేళ్ళు వద్దు అన్నారు. నేను కుదరదన్నాను. ఆవిడ మర్యాదగానే పెట్టేశారు. జనవరిలో కూడా నేను ఒకటో తరగతికి మామిడిపండే వేసి చూపిస్తాను. పర్లేదు. ఈసారి దాని వెనక పట్టుకునే చేయి కూడా వేస్తాను.

చీటీ నేను రాయను. నువ్వు రాయి. పదకొండో తేదీ వస్తావు కదా?

అమ్మ మాట ఎత్తినందుకు నన్ను క్షమించు.

నీ మమత

---

మదనపల్లె,
13 ఆగస్టు 2024

మమతా,

ఆదివారం సాయంత్రం నన్ను బస్సెక్కించి నువ్వు చేయి ఊపి పోయావు. నేను నేరుగా ఇంటికి పోలేదు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు కుప్పం సంగతి. నువ్వు టీ తేవడానికి పోయినప్పుడు గుడుపల్లె నుంచి వచ్చిన ఒకామె చీటీ చదివింది. నేను రాసిచ్చింది రాసినట్టే పెట్టావు, సంతోషం. "చెంగమ్మ, ఆరేళ్ళు. వెనక పట్టుకున్నది అక్క. అమ్మ వస్తున్న చప్పుడు విని అక్క చేయి తీసేసింది. బిడ్డ కదలలేదు." చదివి ఆమె నన్ను అడిగింది, ఎవరి వేళ్ళమ్మా అవి అని. పెదవులు చూసి అర్థం చేసుకున్నాను. "నావి" అన్నాను. ఆమె నా చేతి వైపు చూసి, ఒక అడుగు వెనక్కు వేసి, వేరే గోడకు పోయింది. అరవై ఏడేళ్ళకు ఒకరికి నోటితో చెప్పాను. ఆమె భయపడింది. అమ్మ ఏం చేసేదో నాకు ఇప్పటికీ తెలియదు.

నీకు మార్కులు వేయలేదని దెప్పావు కదా. వేయను. సొంత మనిషి పేపరు దిద్దకూడదని రూలు.

పుంగనూరులో దిగి, మా పిన్నమ్మ మనవరాలు ప్రసన్నలక్ష్మి ఇంట్లో పండుకుని, తెల్లారి ఆటోలో సోమల దాటి మా పాత పొలానికి పోయాను. ఇప్పుడది చౌడమ్మ అని ఒకామెది. టమోటా పెట్టుంది, డ్రిప్ పైపులు పరిచి. గట్టు మాత్రం అట్లే ఉండాది. చెంగమ్మ పక్కనే అమ్మ. రెండు రాళ్ళు. చౌడమ్మ వాటిని కదిలించకుండా చుట్టూ దున్నుకుంటాంది. ఎవరివని ఎప్పుడూ అడగలేదట.

చీటీ నకలు నా దగ్గరుండేది. అమ్మ రాయి దగ్గర నిలబడి చదివాను. బళ్ళో చదివినట్టే, గట్టిగా, ప్రతి వాక్యానికీ ఆగి. నా గొంతు నాకే సరిగా వినబడలేదు. ఎంత గట్టిగా చదివానో ఏమో, చౌడమ్మ బుట్ట దించి వచ్చింది.

తర్వాత నేను చేసిన పని చౌడమ్మకు నచ్చలేదు. నడుం పట్టుకుని మెల్లగా కూర్చుని, పక్కకు పండుకుని, చెంగమ్మ మట్టికి చెవి ఆనించాను. ఎడమ చెవి, ఉన్నదాంట్లో మంచిది. మట్టి తడిగా ఉండాది, డ్రిప్ నీళ్ళకు. చౌడమ్మ నా ముఖానికి ఎదురుగా వంగి, "ఏం పోగొట్టుకున్నావు పెద్దమ్మా?" అనింది. ఏం లేదమ్మా అన్నాను. లేపి కూర్చోబెట్టి, చీరకంటిన మట్టి దులిపి, రెండు కిలోల కాయలు కట్టిచ్చింది. డబ్బు తీసుకోలేదు.

ఇంటికొచ్చినప్పటి నుంచి అదే ఆలోచన. ఏమీ వినబడలేదు, నిజమే. కానీ నాకు బస్సు హారనే వినబడదు. చిన్నప్పుడు అమ్మ పిలిచి వినమన్నప్పుడు నా చెవులు బాగుండేవి. అప్పుడు నేను సరిగా వినలేదు మమతా. ఏమీ ఉండదని ముందే తెలుసు కాబట్టి, చెవి ఆనించినట్టు చేసి లేచేసేదాన్ని. ఒక్కసారీ నిజంగా వినలేదు. ఇప్పుడు విందామంటే చెవి లేదు.

చేయి తీసేసింది నేనే. ఆ సంగతిలో నాకు సందేహం లేదు. తల తిరిగింది నేను చేయి తీసినందుకే. అదీ తెలుసు. అయినా.

వచ్చే ఆదివారం నీకు సెలవు కదా. నేను పుంగనూరు బస్టాండులో ఉంటాను. నీ చెవులు మంచివి. ఒక్కసారి వచ్చి, నువ్వు విని చెప్పు.

నీ అవ్వ